డేటాబేస్ డిజైన్, నిర్వహణ టూళ్లు: ఏది ఏ పనికి?

సందేహాలరావు

సభ్యులందరికీ నమస్కారం. మా బృందంలో ఐదుగురం డెవలపర్లం ఉన్నాం. కొన్నేళ్లుగా నడుస్తున్న మా అప్లికేషన్ మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ మీద ఉంది. అందులో 140 దాకా టేబుళ్లున్నాయి. దానికి అనుబంధంగా వచ్చే కొత్త భాగాన్ని పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్ మీద కట్టాలని నిర్ణయమైంది. పాత డేటాబేస్‌కు ఎవరో మైఎస్‌క్యూఎల్ వర్క్‌బెంచ్‌లో గీసిన డయాగ్రమ్ ఒకటి ఉంది గానీ, దానికీ నడుస్తున్న డేటాబేస్‌కూ పొంతన తప్పి చాలా కాలమైంది. కొత్త భాగానికైనా ఆ గతి పట్టకుండా మొదటి నుంచీ ఒక పద్ధతి పెట్టుకోవాలనుకుంటున్నాం.

టేబుళ్లనూ వాటి మధ్య సంబంధాలనూ గీసుకోవడం, గీసినదాని నుంచి ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌కు ఆదేశాలిచ్చే భాష) తయారు కావడం, ఇప్పటికే ఉన్న డేటాబేస్ నుంచి డయాగ్రమ్ రాబట్టడం, డిజైన్‌కూ అసలు డేటాబేస్‌కూ మధ్య తేడాలు కనిపించడం, వీటికి తోడు రోజువారీ క్వెరీ పని: ఇవీ మా అవసరాలు. ఇవన్నీ ఒకే టూల్‌లో దొరుకుతాయా? మాలో కొందరు విండోస్, కొందరు లినక్స్, ఒకరు మ్యాక్ వాడుతున్నారు. తప్పనిసరైతే తప్ప డబ్బు పెట్టి కొనే ఉద్దేశం లేదు. వర్క్‌బెంచ్, డీబీవర్, పీజీఅడ్మిన్, డేటాగ్రిప్ అనే నాలుగు పేర్లు మా పరిశీలనలో ఉన్నాయి. వాడినవారు వీటి బాగోగులు వివరించగలరని మనవి.

వరుస_నిలువు

మీరు చెప్పిన ఐదు పనులనూ సమానంగా చేసిపెట్టే ఉచిత టూల్ నాకు తెలిసి లేదు. మీరు పేర్కొన్న నాలుగింటిలో ఒక్కొక్కటీ ఒక్కో పనికి పుట్టి, తరువాత మిగిలిన పనులను అంతో ఇంతో తనలో కలుపుకున్నదే.

ఈ నాలుగింటిలో డిజైన్ కోసమే ప్రత్యేకంగా ఒక విభాగం ఉన్నది వర్క్‌బెంచ్‌కే. మోడల్ నుంచి ఎస్‌క్యూఎల్ తీయడం, డేటాబేస్ నుంచి మోడల్ తీయడం, రెండింటినీ పోల్చి సరిచేసే సింక్రనైజ్ సౌకర్యం, మూడూ దాని ఉచిత ఎడిషన్‌లోనే ఉన్నాయి. చిక్కల్లా అది మైఎస్‌క్యూఎల్‌కు మాత్రమే పనికొస్తుంది. మరియాడీబీకి కలిపినా సర్వర్ వెర్షన్ తనకు పొసగదని హెచ్చరిస్తుంది. కాబట్టి మీ కొత్త భాగానికి అది ఉపయోగపడదు.

డీబీవర్ 2010లో అభిరుచి కోసం మొదలైన ప్రాజెక్టు. ఎక్లిప్స్ వేదిక మీద కట్టినది, జేడీబీసీ (జావా ప్రోగ్రాములను డేటాబేస్‌కు కలిపే పద్ధతి) డ్రైవర్ ఉన్న ఏ డేటాబేస్‌కైనా కలుస్తుంది, మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లలోనూ నడుస్తుంది. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ రెండూ పక్కపక్కన తెరిచి పనిచేయవలసిన మీలాంటి వారికి రోజువారీ క్వెరీ పనికి నేను దానినే సూచిస్తాను. దాని డయాగ్రమ్ మాత్రం ఉన్న డేటాబేస్‌ను చూపించడానికి పుట్టినది. ఖాళీ కాగితం మీద డిజైన్ మొదలుపెట్టడానికి అంత అనువుగా ఉండదు.

పీజీఅడ్మిన్ పోస్ట్‌గ్రెస్‌కు మాత్రమే. మూడో తరం సీ++లో రాసిన డెస్క్‌టాప్ అప్లికేషన్. 2016లో వచ్చిన నాలుగో తరాన్ని పైథాన్‌తో వెబ్ అప్లికేషన్‌గా మళ్లీ మొదటి నుంచి రాశారు. మొదట్లో దాని నిదానం మీద విసుక్కోనివారు తక్కువ. ఇప్పుడు చాలా మెరుగైంది. టేబుళ్లు గీసుకునే సౌకర్యం 2021లో 4.30 వెర్షన్‌తో చేరింది. గీసినదాని నుంచి టేబుళ్లు తయారుచేసే క్రియేట్ వాక్యాలు వస్తాయి. చిన్న డిజైన్లకు సరిపోతుంది.

డేటాగ్రిప్ 2015 చివరలో జెట్‌బ్రెయిన్స్ నుంచి వచ్చింది. ఎస్‌క్యూఎల్ రాసేటప్పుడు అది ఇచ్చే ఆసరాకు సాటి లేదు: జాయిన్ షరతు దానంతటదే పూరిస్తుంది, లేని కాలమ్ పేరు రాస్తే అక్కడికక్కడే గీత గీసి చూపుతుంది. వాణిజ్య అవసరాలకు లైసెన్సు కొనాలి. డిజైన్ టూల్‌గా దానిని చూడకండి.

పాతకాపు

వరుస_నిలువు గారు టూళ్ల గుణగణాలు చక్కగా చెప్పారు. అయితే సందేహాలరావు గారి ప్రశ్నలోనే అసలు సమస్య ఉంది: "పొంతన తప్పింది" అన్నారు. పొంతన తప్పడానికి వర్క్‌బెంచ్ కారణం కాదు. స్కీమాకు, అంటే టేబుళ్ల నిర్మాణానికి, ప్రామాణికమైన ప్రతి ఏదో ఎవరూ నిర్ణయించకపోవడం వల్ల మోడల్ ఫైల్ ఒకరి దగ్గర, టేబుళ్లను మార్చే ఆల్టర్ వాక్యాలు మరొకరి దగ్గర, అసలు మార్పు సర్వర్ మీద ఉండిపోయాయి. మోడల్ ఫైలా, వరుస నంబర్లతో రాసుకున్న మైగ్రేషన్ స్క్రిప్టులా (స్కీమాలో మార్పులు చేసే ఫైళ్లు), నడుస్తున్న డేటాబేసా అన్న మూడింటిలో ఏదో ఒకదానికి పెద్దరికం ఇవ్వాలి. మిగిలిన రెండూ దాని నుంచి పుట్టాలి. ఇది తేలితే టూల్ ఎంపిక సగం తేలినట్టే.

నా మొగ్గు మోడల్ వైపు. పీటర్ చెన్ 1976లో ఎంటిటీ–రిలేషన్‌షిప్ (ఈఆర్) మోడల్‌ను ప్రతిపాదించినప్పుడు ఆయన ముందున్నది టేబుళ్లు ఎలా తయారు చేయాలన్న ప్రశ్న కాదు. డేటా అర్థాన్ని ఏ డేటాబేస్‌కూ కట్టుబడకుండా ఎలా చెప్పాలన్నది. ఇప్పుడు మనం వాడుతున్న ఉచిత టూళ్లలో చాలావరకు ఈఆర్ డయాగ్రమ్ పేరుతో చూపుతున్నది నిజానికి భౌతిక టేబుళ్ల పటం. ఒక వ్యక్తి ఉద్యోగి కావచ్చు, వినియోగదారు కావచ్చు, రెండూ కావచ్చు అన్న సంగతిని అందులో నేరుగా చెప్పలేం. దానిని ఒకే టేబుల్‌గా పెట్టాలా, మూడుగా విడదీయాలా అన్న నిర్ణయం తీసుకున్న తరువాతే గీయగలం. ఆ నిర్ణయానికి ముందరి దశ లాజికల్ మోడల్. ఎర్విన్, పవర్‌డిజైనర్, ఈఆర్ స్టూడియో వంటి ఖరీదైన టూళ్లు అందుకే ఇంకా బతికి ఉన్నాయి.

డబ్బు పెట్టకుండా ఆ అనుభవం కావాలంటే ఒరాకిల్ వారి ఎస్‌క్యూఎల్ డెవలపర్ డేటా మోడలర్ ఉచితంగా దొరుకుతుంది. లాజికల్ మోడల్ నుంచి రిలేషనల్ మోడల్‌కు మార్చే పద్ధతి, సబ్‌టైప్‌లను (ఉద్యోగి, వినియోగదారు వంటి ఉపరకాలను) ఒకే టేబుల్‌గానో విడివిడిగానో దింపే ఎంపిక, కాలమ్ పేర్లకు గ్లాసరీ, అన్నీ ఉన్నాయి. అది ఎస్‌క్యూఎల్ తయారుచేసేది ప్రధానంగా ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, డీబీ2 లకు కాబట్టి పోస్ట్‌గ్రెస్ స్క్రిప్టు దాని నుంచి ఆశించవద్దు. ఆలోచన అక్కడ చేసుకుని, అమలు వేరే చోట చేయాలి.

క్వెరీకారుడు

పాతకాపు గారి మాటలో మొదటి సగంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, రెండో సగంతో కాదు. మోడల్‌కు పెద్దరికం ఇస్తే, ప్రతి మార్పుకూ మోడల్‌ను సర్వర్‌తో పోల్చి, తేడాల నుంచి స్క్రిప్టు పుట్టించాలి. ఈ పోల్చి పుట్టించే పద్ధతిలో ఒక లోతైన లోపం ఉంది. ఉదాహరణతో చెబుతాను.

కస్టమర్ టేబుల్‌లో "ఫోన్" అనే కాలమ్ ఉంది. దాని పేరును "మొబైల్" అని మార్చాం. రెండు స్కీమాలను పోల్చే టూల్‌కు పేరు మారిన సంగతి తెలియదు. ఇటు "ఫోన్" ఉంది, అటు లేదు. అటు "మొబైల్" ఉంది, ఇటు లేదు. కాబట్టి అది రాసే స్క్రిప్టు ఇలా ఉంటుంది: మొదటి వరుసలో ఆల్టర్ టేబుల్ కస్టమర్ డ్రాప్ కాలమ్ ఫోన్, రెండో వరుసలో ఆల్టర్ టేబుల్ కస్టమర్ యాడ్ కాలమ్ మొబైల్. తర్కం ప్రకారం చివరి రూపం సరిగ్గానే ఉంటుంది, కస్టమర్ల ఫోన్ నంబర్లు మాత్రం ఉండవు. స్క్రిప్టును చదవకుండా బటన్ నొక్కేవారికి ఏ హెచ్చరికా రాదు, ఎందుకంటే రెండు వాక్యాలూ చెల్లుబాటయ్యేవే.

మార్పు అనేది రెండు స్థితుల మధ్య తేడా మాత్రమే కాదు, దాని వెనుక ఒక ఉద్దేశం ఉంటుంది. ఆ ఉద్దేశాన్ని రాసిపెట్టే చోటు మైగ్రేషన్ ఫైల్. ఫ్లైవే అనే టూల్ అయితే వీ1, వీ2 అని నంబర్లు పెట్టిన ఎస్‌క్యూఎల్ ఫైళ్లను వరుసగా నడిపి, ఏవి నడిచాయో డేటాబేస్‌లోనే ఒక టేబుల్‌లో రాసుకుంటుంది. నడిచిపోయిన ఫైల్‌ను తరువాత ఎవరైనా దిద్దితే చెక్‌సమ్ (ఫైల్‌లోని విషయం నుంచి లెక్కించే సంఖ్య) సరిపోక ఆగిపోతుంది. లిక్విబేస్ కూడా ఇదే పని చేస్తుంది, మార్పులను ఎక్స్ఎంఎల్, యామల్ రూపాల్లోనూ రాయవచ్చు. బృందం చిన్నది, ఎస్‌క్యూఎల్ వచ్చినవారే అయితే ఫ్లైవే సరళంగా ఉంటుంది. చేసిన మార్పును వెనక్కి తీసే అన్‌డూ సౌకర్యం మాత్రం ఫ్లైవేలో డబ్బు కట్టినవారికే. నా దృష్టిలో అదేమంత లోటు కాదు. డ్రాప్ చేసిన కాలమ్‌ను ఏ అన్‌డూ తిరిగి నింపలేదు.

పాతకాపు

క్వెరీకారుడు గారూ, మీరు చెప్పిన లోపం రెండు డేటాబేస్‌లను పక్కపక్కన పెట్టి పోల్చే టూళ్లది. మోడల్ టూళ్లన్నిటికీ దానిని అంటగట్టడం సరికాదు. వర్క్‌బెంచ్ మోడల్‌లో కాలమ్ పేరు మారిస్తే, పాత పేరు మోడల్ ఫైల్‌లోనే నిలిచి ఉంటుంది. సింక్రనైజ్ చేసినప్పుడు డ్రాప్, యాడ్ కాకుండా చేంజ్ కాలమ్ అనే వాక్యం వస్తుంది. మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌ఎస్‌డీటీ (ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటా టూల్స్) ప్రాజెక్టులలో దీనికోసమే రీఫాక్టర్‌లాగ్ అనే ఫైల్ ఉంటుంది. పేరు మార్పును రీఫాక్టర్ మెనూ ద్వారా చేస్తే అందులో నమోదవుతుంది. అంటే ఉద్దేశాన్ని గుర్తుపెట్టుకునే మోడల్ టూల్ కూడా ఉండవచ్చు.

క్వెరీకారుడు

అంగీకరిస్తాను, మెనూ ద్వారా చేస్తేనే. అదే పేరును ఫైల్‌లో చేత్తో దిద్దితే రీఫాక్టర్‌లాగ్‌లో ఏమీ చేరదు, మళ్లీ డ్రాప్, యాడ్ కథే. టూల్ జ్ఞాపకం మీద ఆధారపడటం కంటే, ఆల్టర్ టేబుల్ రీనేమ్ కాలమ్ అని నేనే ఒక వరుస రాసి, పక్కవాడు దానిని చదివి ఆమోదించడం నాకు నమ్మకంగా అనిపిస్తుంది.

ఇంకో సంగతి. వర్క్‌బెంచ్ దాచే ఎండబ్ల్యూబీ ఫైల్ లోపల ఎక్స్ఎంఎల్ ఉన్నా, పైన జిప్ కట్టి ఉంటుంది. ఫైళ్లలో మార్పులను నమోదు చేసే గిట్‌కు అదొక మూసిన పెట్టె. ఇద్దరు ఒకే రోజు మోడల్ మార్చితే ఒకరి పని పోవలసిందే.

మౌనరేఖ

ఈ గొడవకు మధ్యేమార్గం ఉంది: డయాగ్రమ్‌ను గీయకుండా రాయడం. డీబీడయాగ్రమ్ అనే వెబ్ టూల్ కోసం హోలిస్టిక్స్ సంస్థ డీబీఎంఎల్ అనే చిన్న భాష తయారుచేసి ఓపెన్ సోర్స్‌గా ఇచ్చింది. టేబుల్ పేరు, కింద కాలమ్‌లు, ఏది దేనికి సంబంధించినదో ఒక రెఫ్, అంతే. ఎడమవైపు రాస్తుంటే కుడివైపు బొమ్మ వస్తుంది. అది మామూలు టెక్స్ట్ ఫైల్ కాబట్టి గిట్‌లో ఏ వరుస మారిందో కనిపిస్తుంది. కమాండ్ లైన్ టూల్‌తో డీబీఎంఎల్ నుంచి ఎస్‌క్యూఎల్‌కూ, ఎస్‌క్యూఎల్ నుంచి డీబీఎంఎల్‌కూ మార్చుకోవచ్చు. డాక్యుమెంటేషన్ గిట్‌హబ్‌లో ఉంటే టెక్స్ట్ నుంచి బొమ్మ గీసే మెర్మెయిడ్ ఇంకా తేలిక. 2022 నుంచి గిట్‌హబ్ దానిని మార్క్‌డౌన్‌లో నేరుగా బొమ్మగా చూపిస్తోంది.

పరిమితులు కూడా చెప్పాలి. డీబీఎంఎల్ అన్ని డేటాబేస్‌లకూ ఉమ్మడిగా ఉన్న భాగాన్నే బాగా చెబుతుంది. ట్రిగ్గర్లు, వ్యూలు, పోస్ట్‌గ్రెస్‌లోని ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ వంటివి అందులో ఇమడవు. ఒక గదికి ఒకే సమయంలో రెండు బుకింగ్‌లు పడకూడదన్న నియమాన్ని పోస్ట్‌గ్రెస్‌లో ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్‌తో ఒక్క వరుసలో పెట్టవచ్చు. డయాగ్రమ్ చూసి పనిచేసేవారు అది లేదనుకుని అదే తనిఖీని అప్లికేషన్‌లో మళ్లీ రాస్తారు. పోస్ట్‌గ్రెస్ ప్రత్యేకతలన్నీ మోడల్‌లోనే కావాలనుకుంటే పీజీమోడలర్ చూడండి. దాని సోర్సు ఉచితం, స్వయంగా బిల్డ్ చేసుకోవచ్చు. సిద్ధంగా ఉన్న ఇన్‌స్టాలర్‌కు మాత్రం డబ్బు కట్టాలి.

సందేహాలరావు

అందరికీ కృతజ్ఞతలు. చర్చ చదివాక పాత డేటాబేస్ నుంచి డీబీవర్‌తో డయాగ్రమ్ తీసి చూశాం. 140 టేబుళ్లూ తెర మీద విడివిడి పెట్టెలుగా వచ్చాయి, వాటి మధ్య పట్టుమని పది గీతలు లేవు. టూల్‌లో ఏదైనా సెట్టింగ్ మార్చాలా?

వరుస_నిలువు

టూల్ తప్పు కాదు. డయాగ్రమ్‌లోని గీతలు ఫారిన్ కీల నుంచి, అంటే ఒక టేబుల్ కాలమ్ మరో టేబుల్‌ను సూచిస్తుందన్న ప్రకటనల నుంచి, వస్తాయి. మీ డేటాబేస్‌లో అవి ప్రకటించి ఉండకపోవచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో ఇది తరచుగా కనిపించే సంగతే. 2010లో వచ్చిన 5.5 వెర్షన్ దాకా డిఫాల్ట్ స్టోరేజ్ ఇంజిన్ (డేటాను దాచే భాగం) మైఐశామ్. అది ఫారిన్ కీ అని రాస్తే తప్పు పట్టదు, అలాగని అమలూ చేయదు, చదివి వదిలేస్తుంది. ఆ కాలంలో పుట్టిన స్కీమాలలో సంబంధాలు అప్లికేషన్ కోడ్‌లో మాత్రమే బతుకుతాయి. ముందుగా షో క్రియేట్ టేబుల్ నడిపి ఇంజిన్ ఏదో చూడండి.

డీబీవర్‌లోనూ డేటాగ్రిప్‌లోనూ వర్చువల్ ఫారిన్ కీలు ఉన్నాయి. డేటాబేస్‌ను ముట్టుకోకుండా, ఈ కాలమ్ ఆ టేబుల్‌కు చెందుతుందని టూల్‌కు మాత్రమే చెప్పే ఏర్పాటు అది. డీబీవర్‌లో ఒక్కొక్కటీ పెట్టాలి. డేటాగ్రిప్‌లో పేరు నమూనా ఇచ్చి నియమంగా పెట్టవచ్చు: ఆర్డర్_ఐడీ లాంటి పేరున్న కాలమ్‌లన్నీ ఆర్డర్ టేబుల్ ఐడీని సూచిస్తాయని ఒకసారి చెబితే గీతలన్నీ ఒక్కసారిగా వస్తాయి. పేర్లు క్రమశిక్షణతో పెట్టిన డేటాబేస్ అయితే ఈ ఒక్క పని కోసమే డేటాగ్రిప్‌ను పరిశీలించవచ్చు.

తరువాత ఆ వర్చువల్ కీలను అసలు కీలుగా మార్చాలనిపిస్తుంది. దానికి ముందు తల్లి లేని (సూచించిన వరుసే లేని) వరుసలు ఎన్నున్నాయో లెఫ్ట్ జాయిన్‌తో లెక్క చూసుకోండి. రెండు వైపులా డేటాటైప్ కూడా సరిపోవాలి. ఒకవైపు సైన్డ్ ఇంట్, మరోవైపు అన్‌సైన్డ్ ఇంట్ ఉంటే ఇన్నోడీబీ ఇంజిన్ కీ పెట్టనివ్వదు.

మౌనరేఖ

140 టేబుళ్లను ఒకే డయాగ్రమ్‌లో చూడాలన్న ఆశ వదులుకోండి, గీతలు వచ్చినా అది చదవదగ్గదిగా ఉండదు. స్కీమాస్పై అనే జావా టూల్ ఉంది; డేటాబేస్‌కు కలిపి ఒకసారి నడిపితే హెచ్‌టీఎంఎల్ పేజీలు తయారుచేస్తుంది. ప్రతి టేబుల్‌కూ ఒక పేజీ, ఆ పేజీలో దానికి ఒక మెట్టు, రెండు మెట్ల దూరంలో ఉన్న టేబుళ్లతో మాత్రమే చిన్న బొమ్మ. మనిషికి ఒకసారి అర్థమయ్యేది అంతే. ప్రతి మైగ్రేషన్ తరువాత దానంతటదే నడిచేలా పెడితే ఆ డాక్యుమెంటేషన్‌కు పాతబడే అవకాశం ఉండదు.

కాలమ్ వివరణలను వేరే డాక్యుమెంట్‌లో కాకుండా డేటాబేస్‌లోనే కామెంట్లుగా పెట్టండి. పోస్ట్‌గ్రెస్‌లో కామెంట్ ఆన్ వాక్యం మైగ్రేషన్ ఫైల్‌లోనే రాయవచ్చు. ఇక్కడ చెప్పుకున్న టూళ్లలో చాలావరకు వాటిని చూపిస్తాయి. రేపు టూల్ మార్చినా అవి పోవు.

రాత్రి_డ్యూటీ

ఇంతసేపూ డిజైన్ గురించే సాగింది. నిర్వహణ వైపు నుంచి నేను కొంత చెబుతాను, ఎందుకంటే డిజైన్‌లో తప్పు జరిగితే నెలల తరువాత ఇబ్బంది, నిర్వహణలో జరిగితే ఆ నిమిషంలోనే.

ఏ జీయూఐ టూల్ వాడినా ముందుగా చూడవలసినది ఆటో కమిట్, అంటే ప్రతి మార్పూ నడవగానే ఖాయమైపోయే ఏర్పాటు. డీబీవర్‌లో కనెక్షన్‌ను ప్రొడక్షన్ రకంగా గుర్తిస్తే ట్యాబ్ రంగు మారుతుంది, మాన్యువల్ కమిట్ పడుతుంది, నడిపేముందు నిర్ధారణ అడుగుతుంది. వర్క్‌బెంచ్‌లో సేఫ్ అప్‌డేట్స్ మొదటి నుంచీ ఆన్‌లో ఉంటుంది. కీ లేని వేర్ షరతుతో అప్‌డేట్ చేయబోతే 1175 ఎర్రర్ ఇస్తుంది. చాలామంది విసుగుతో మొదటి వారంలోనే దానిని తీసేస్తారు. తీయకండి.

అయితే మాన్యువల్ కమిట్ కూడా అంత అమాయకమైనది కాదు. పోస్ట్‌గ్రెస్‌లో మాన్యువల్ కమిట్ పెట్టుకుని ఒక సెలెక్ట్ నడిపి, కమిట్ కొట్టకుండా భోజనానికి వెళ్లారనుకోండి. ఆ సెషన్ "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్" (ట్రాన్సాక్షన్ ముగించకుండా ఖాళీగా ఉన్న) స్థితిలో కూర్చుంటుంది, ఆ టేబుల్ మీద యాక్సెస్ షేర్ లాక్‌ను (చదివేటప్పుడు పడే తాళాన్ని) వదలదు. ఈలోగా మైగ్రేషన్ వచ్చి అదే టేబుల్ మీద ఆల్టర్ అడుగుతుంది. ఆల్టర్ వాక్యాలలో చాలావాటికి యాక్సెస్ ఎక్స్‌క్లూజివ్ లాక్ కావాలి కాబట్టి అది మీ సెలెక్ట్ వెనుక వరుసలో నిలబడుతుంది. ఆ తరువాత అప్లికేషన్ నుంచి వచ్చే ప్రతి సెలెక్టూ ఆ ఆల్టర్ వెనుక నిలబడుతుంది. డేటాబేస్ మీద భారం ఏమీ ఉండదు, సైట్ మాత్రం ఆగిపోతుంది. గ్రాఫులు చూసేవారికి ఏమీ పాలుపోదు. పీజీ_స్టాట్_యాక్టివిటీతో (నడుస్తున్న సెషన్ల జాబితా) పాటు పీజీ_బ్లాకింగ్_పిడ్స్ కూడా చూస్తేనే ఎవరు ఎవరిని ఆపుతున్నారో తెలుస్తుంది.

దీనికి విరుగుడు రెండు వైపులా ఉండాలి. మైగ్రేషన్ ఫైల్ మొదట్లో లాక్_టైమవుట్ కొన్ని సెకన్లకు పెట్టండి. లాక్ దొరకకపోతే అదే విఫలమై పక్కకు తప్పుకుంటుంది, తీరిక చూసి మళ్లీ నడపవచ్చు. మనుషులు వాడే రోల్‌లకు (డేటాబేస్‌లోని ఖాతాలకు) ఐడిల్_ఇన్_ట్రాన్సాక్షన్_సెషన్_టైమవుట్ పెట్టండి, 9.6 వెర్షన్ నుంచి ఉంది.

ఇక టూల్‌లో ఉండే "రీడ్ ఓన్లీ" గుర్తును భద్రత అనుకోవద్దు. అది ఆ లాప్‌టాప్‌లోని ఒక చెక్‌బాక్స్. భద్రత అంటే సర్వర్‌లో ఆ రోల్‌కు రాసే హక్కు లేకపోవడం.

క్వెరీకారుడు

రాత్రి_డ్యూటీ గారి మాటకు కొనసాగింపుగా: మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ రెండూ వాడబోయే బృందం ఒక తేడా గుర్తుంచుకోవాలి. పోస్ట్‌గ్రెస్‌లో క్రియేట్, ఆల్టర్ వంటివి ట్రాన్సాక్షన్‌లో భాగం. ఐదు వాక్యాల మైగ్రేషన్‌లో నాలుగోది విఫలమైతే మొదటి మూడూ వెనక్కి పోతాయి. మైఎస్‌క్యూఎల్‌లో ప్రతి ఆల్టర్ దానంతటదే కమిట్ అయిపోతుంది. నాలుగోది విఫలమైతే మూడు మార్పులు జరిగిన డేటాబేస్ చేతిలో మిగులుతుంది. 8.0లో వచ్చిన అటామిక్ డీడీఎల్ (డీడీఎల్ అంటే క్రియేట్, ఆల్టర్ వంటి వాక్యాలు) ఒక్కో వాక్యాన్ని విడిగా కాపాడుతుంది, వాక్యాల సమూహాన్ని కాదు. అందుకే మైఎస్‌క్యూఎల్‌కు ఒక ఫైల్‌లో ఒకే మార్పు రాసే అలవాటు మంచిది. పోస్ట్‌గ్రెస్‌లోనూ క్రియేట్ ఇండెక్స్ కంకరెంట్లీ ట్రాన్సాక్షన్ లోపల నడవదు. దానిని విడి ఫైల్‌లో పెట్టండి.

వరుస_నిలువు

బ్యాకప్ గురించి ఒక చిన్న మాట. పీజీఅడ్మిన్, డీబీవర్ రెండింటిలోనూ బ్యాకప్ మెనూ నొక్కితే వెనుక నడిచేది మీ కంప్యూటర్‌లోని పీజీ_డంప్ ప్రోగ్రామే. తనకంటే కొత్త మేజర్ వెర్షన్ సర్వర్‌ను డంప్ చేయడానికి అది నిరాకరిస్తుంది. సర్వర్‌ను అప్‌గ్రేడ్ చేసిన మరునాడు బృందంలో సగం మందికి బ్యాకప్ ఆగిపోవడానికి సాధారణంగా కారణం ఇదే. పీజీఅడ్మిన్‌లోని స్కీమా డిఫ్‌కూ ఇలాంటి నియమమే ఉంది: పోల్చే రెండు సర్వర్లూ ఒకే మేజర్ వెర్షన్‌వి కావాలి.

పాతకాపు

టూళ్ల ఆయుష్షు సంగతి ఎవరూ ఎత్తలేదు. మైక్రోసాఫ్ట్ అజూర్ డేటా స్టూడియోను ఎంతోమంది మెచ్చుకుని అలవాటు పడ్డారు. 2026 ఫిబ్రవరి 28తో దానికి మద్దతు ముగుస్తుందని ఏడాది ముందుగా ప్రకటించి, వీఎస్ కోడ్‌కు మారమన్నారు. ఎర్విన్ లాజిక్ వర్క్స్ దగ్గర పుట్టి, ప్లాటినం, సీఏ చేతులు మారి, 2016లో విడి సంస్థ అయి, ఇప్పుడు క్వెస్ట్ దగ్గర ఉంది. యజమాని మారినప్పుడల్లా లైసెన్సు షరతులూ మారవచ్చు. కాబట్టి మోడల్‌ను ఎంత ఇష్టపడే నాలాంటివాడైనా చెప్పేదేమంటే, ఆ ఫైల్ తెరవడానికి టూల్ లేని రోజున కూడా చదవగలిగిన రూపంలో స్కీమా ఉండాలి. ఈ ఒక్క విషయంలో క్వెరీకారుడు గారి ఎస్‌క్యూఎల్ ఫైళ్లదే పైచేయి.

లాజికల్ మోడల్ అవసరం లేదని మాత్రం దీనికి అర్థం కాదు. దానిని సర్వర్‌తో నిత్యం సరిపోల్చాలన్న పట్టుదలే అనవసరం. కొత్త భాగం మొదలుపెట్టేముందు ఒకసారి కూర్చుని గీయండి, నిర్ణయాలు తీసుకోండి, తేదీ వేసి దాచండి. తరువాత దానిని దిద్దవద్దు.

సందేహాలరావు

ఈ చర్చ తరువాత మా బృందం ఇలా అనుకుంది. కొత్త పోస్ట్‌గ్రెస్ భాగానికి ఫ్లైవే ఫైళ్లకే పెద్దరికం. మొదటి డిజైన్ చర్చకు డీబీఎంఎల్. పాతకాపు గారు అన్నట్టు దానిని తేదీ వేసి దాచేస్తాం. రోజువారీ పనికి అందరికీ డీబీవర్, డాక్యుమెంటేషన్‌కు స్కీమాస్పై. పాత మైఎస్‌క్యూఎల్‌లో ఇంజిన్ చూశాం. సగానికి పైగా టేబుళ్లు మైఐశామ్‌వే. వాటి సంగతి విడిగా తేల్చుకోవాలి.

ఒక సందేహం మిగిలింది. ఫైళ్ల ద్వారానే స్కీమా మారాలని నియమం పెట్టుకున్నా, డీబీవర్‌లో కుడి క్లిక్ చేసి కాలమ్ చేర్చే వీలు అందరికీ ఉంటుంది కదా. పోస్ట్‌గ్రెస్‌లో ఆల్టర్ హక్కును ఒక్క ఫ్లైవేకు మాత్రమే ఇవ్వడం ఎలా?

రాత్రి_డ్యూటీ

పోస్ట్‌గ్రెస్‌లో ఆల్టర్ టేబుల్ అనేది గ్రాంట్ చేసే హక్కు కాదు. టేబుల్ యజమానికే అది చెల్లుతుంది. కాబట్టి యజమాని ఎవరో ముందే నిర్ణయించాలి. లాగిన్ లేని ఒక రోల్ తయారుచేసి, స్కీమానూ టేబుళ్లనూ దాని పేరున ఉంచండి. ఫ్లైవే లాగిన్‌ను ఆ రోల్‌లో సభ్యురాలిని చేసి, మైగ్రేషన్‌లు నడిచే ముందు సెట్ రోల్‌తో ఆ రోల్‌కు మారేలా పెట్టండి. ఆ సెట్ రోల్ మరిచిపోతే కొత్త టేబుళ్లు ఫ్లైవే లాగిన్ పేరున పుడతాయి, ఆరు నెలల తరువాత ఎవరి టేబుల్ ఎవరిదో తెలియని స్థితి వస్తుంది.

డెవలపర్ల రోల్‌లకు స్కీమా మీద యూసేజ్, టేబుళ్ల మీద సెలెక్ట్, అవసరమైన చోట ఇన్సర్ట్, అప్‌డేట్ ఇవ్వండి; స్కీమా మీద క్రియేట్ ఇవ్వకండి. 15 వెర్షన్ నుంచి కొత్తగా తయారుచేసిన డేటాబేస్‌లలో పబ్లిక్ స్కీమాలో క్రియేట్ హక్కు అందరికీ ఉండదు. పాత వెర్షన్ నుంచి అప్‌గ్రేడ్ అయిన డేటాబేస్‌లో మాత్రం ఉండిపోతుంది, రివోక్ చేయాలి. రేపు పుట్టబోయే టేబుళ్లకు ఆల్టర్ డిఫాల్ట్ ప్రివిలెజెస్ పెట్టేటప్పుడు ఫర్ రోల్ అని యజమాని రోల్ పేరు తప్పకుండా రాయండి. రాయకపోతే ఆ వాక్యం నడిపిన రోల్ తయారుచేసే టేబుళ్లకే అది వర్తిస్తుంది. ఇవన్నీ పెట్టాక డీబీవర్‌లో కుడి క్లిక్ మెనూ అలాగే కనిపిస్తుంది. నొక్కితే "మస్ట్ బీ ఓనర్ ఆఫ్ టేబుల్" అని సర్వరే బదులిస్తుంది.